రాయబారమా? రణభేరియా?
ఐర్లెండు కవుల పురాగాథలును, మన గౌతమీతీరపు పద్యములును

ఏ జాతికైనను పూర్వవీరగాథలు పిత్రార్జితము వంటివి. పిత్రార్జితమనగా భూమి మాత్రమే కాదు. దానిమీది ఋణములును, సరిహద్దు తగవులును, తాతలనాటి పగలును గూడ వారసుని తలపై బడును. ఈ సంగతి మన గోదావరి మండలపు భూస్వాములకు మేము క్రొత్తగా చెప్పవలసినది కాదు. పొలము ననుభవించుచు దావా మాత్రము వలదనుట యెట్లు పొసగదో, వీరగాథను గానముచేయుచు అందలి పగ మాత్రము వలదనుటయు నట్లే పొసగదని కొందఱి వాదము. పొసగునని ఋజువుచేయబూనిన కవులును గలరు. ఈ వాదమును పరిశీలించుటకు పరదేశములలో ఐర్లెండు మిక్కిలి తగినది. మనదేశమున గౌతమీతీరమును దానికి తీసిపోదు. ఆ రెండింటిని ఒక్కచోట చేర్చి చూడవలెనని మా తలంపు.

గౌతమి సముద్రమును చేరబోవుచోట నున్న యానాము సుమారు 30 చదరపు కిలోమీటర్ల సీమ. నడుమ కొంతకాలము ఇంగ్లీషువారి చేతికి పోయి వచ్చినను, 18వ శతాబ్ది మొదలుకొని 1954 వఱకు అచట ఫ్రెంచివారి యేలుబడియే. చుట్టును ఇంగ్లీషు చట్టము, నడుమ ఫ్రెంచి చట్టము. 1929 నాటి శారదాచట్టము బ్రిటిషిండియాలో అమలునకు వచ్చినప్పుడు బాల్యవివాహములు చేయదలచినవారు యానామునకు తరలివచ్చుటచే ఆ యూరికి కల్యాణపురమను వాడుకపేరు వచ్చినది. ఎల్లయొక్కటి దాటినంతనే నేరము నేరము కాకపోవు చోట ప్రభుత్వమనునది ఈశ్వరనిర్మితము కాదని, మనుష్యులు గీచిన గీటు మాత్రమేయని చిన్నపిల్లలకు సైతము తెలియకపోదు.

కడియములో 1870లో జన్మించిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బాల్యమున చదువుకొన్నది ఈ యానాములోనే. పదునెనిమిదవయేట అచటి వేంకటేశ్వరస్వామిపై శతకము చెప్పగా, పండితులందు వ్యాకరణదోషములు చూపిరనియు, ఆ పట్టుదలచేతనే వ్యాకరణము సాధించుటకు పూనుకొనిరనియు ప్రసిద్ధి. తరువాత దివాకర్ల తిరుపతిశాస్త్రిగారితో జంటకూడి, శతావధానములచే ఆంధ్రదేశమంతయు నుఱ్ఱూతలూపి, 1910 తరువాతి సంవత్సరములలో వారు భారతకథను ఆఱునాటకములుగా రచించిరి. వానిలో పాండవోద్యోగ, పాండవవిజయములు మన పల్లెలలో ఇంటింటి వస్తువులైనవి. అక్షరము ముక్క రానివాడును శ్రీకృష్ణరాయబారపు పద్యమును రాగముతీసి పాడగలుగుట ఆ జంటకవుల చలువయే. 1949లో మద్రాసు ప్రభుత్వము వేంకటశాస్త్రిగారిని తన ప్రథమాస్థానకవిగా గౌరవించెను. మఱుసటి యేడు ఫిబ్రవరిలో వారు పరమపదించిరి.

అదే ఫ్రెంచిజెండా నీడన, పుదుచ్చేరిలో, అదేకాలమున సుబ్రహ్మణ్యభారతి తమిళమున పాంచాలీశపథమును వ్రాసి 1912లో మొదటిభాగమును ప్రకటించెను. ఇంగ్లీషు పోలీసుల కందకుండ 1908లో అచటికి చేరిన కవి సభలో చెఱపట్టబడిన ద్రౌపది కథను చేపట్టుటలో ఉద్దేశ మేమో పాఠకులకు వేఱుగ విప్పిచెప్పనక్కఱలేదు. 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు శ్రీనాథుని పల్నాటివీరచరిత్రమును అచ్చువేయించిరి. 1916లో వేదము వేంకటరాయశాస్త్రిగారి బొబ్బిలియుద్ధనాటకము వెలువడెను. ఆ పదేండ్లలో దక్షిణదేశమంతయు నేదోయొక పాతయుద్ధమును త్రవ్వి తీయుచునే యున్నది. బానిసత్వమున నున్న జాతికి తనకును ఒకప్పుడు కత్తి యుండెనని జ్ఞాపకము చేసికొనుట ఔషధమువంటిది. అయితే మోతాదు తప్పిన ఔషధము విషమగుటయు కలదు.

ఆ యౌషధమును మొదట నిండుగ్రుక్కెడు త్రాగినది ఐర్లెండు. విలియం బట్లర్ యేట్సు మహాకవి తనజాతి పురాణవీరుడైన కుఖులిన్ కథను 1904 నాటికే నాటకముగా రంగమెక్కించెను. కుఖులిన్ తనకొడుకని యెఱుగక యొక యువకుని చంపి, నిజము తెలిసినపిదప పిచ్చియెత్తి సముద్రపుటలలతో కత్తియుద్ధము చేయును. తండ్రిని కొడుకు పడగొట్టిన మన బభ్రువాహనుని కథకిది తలక్రిందైన రూపము. ఆ వీరుని చిత్తరువును తన పాఠశాలలో నెలకొల్పి పిల్లలకాదర్శముగా చూపిన పాడ్రిక్ పియర్సు 1916 ఏప్రిలు 24న డబ్లిను తపాలాకచ్చేరి మెట్లపై స్వాతంత్ర్యప్రకటన చదివెను. పియర్సు కవి, అతనితో తిరుగుబాటు నడపిన థామస్ మాక్‌డొనా కవి, జోసెఫ్ ప్లంకెట్టు కవి. మువ్వురిని మేనెల మొదటివారములోనే ఇంగ్లీషువారు కాల్చిచంపిరి. 1935లో ఆ తపాలాకచ్చేరిలో అమరవీరుల జ్ఞాపకార్థము నెలకొల్పిన విగ్రహము కుఖులినుదే. గాథ మనుష్యులను పుట్టించెను; మనుష్యులు మరల గాథయైరి.

ఈ కథ మనకు దూరపుకథ కాదు. బరంపురము తెలుగుబిడ్డయగు వరాహగిరి వేంకటగిరి 1913 నుండి 1916 వఱకు డబ్లినులోనే న్యాయశాస్త్రము చదివెను. ఆయన చదివిన విశ్వవిద్యాలయకళాశాలలో ఆంగ్లసాహిత్యోపన్యాసకుడు ఈ మాక్‌డొనాయే. తిరుగుబాటు అణగినపిదప గిరిగారు ఆ దేశమును విడిచి రావలసివచ్చెను, 1969లో భారతరాష్ట్రపతియైరి. బెల్‌ఫాస్టులో పుట్టిన జేమ్స్ కజిన్సు కవి 1915లో మనదేశమునకు వచ్చి, ఐరిషు తిరుగుబాటును మెచ్చిన వ్రాతవలన పత్రికోద్యోగమును పోగొట్టుకొని, మదనపల్లె కళాశాలలో నధ్యాపకుడయ్యెను. రవీంద్రులు 1919లో జనగణమనకు ఇంగ్లీషు అనువాదమును వ్రాసినది ఆ మదనపల్లెలోనే. దాని రాగమునకు స్వరము కట్టుటలో తోడ్పడినది కజిన్సు భార్య మార్గరెట్టమ్మ.

యేట్సు కవియొక్క గొప్పతనము, తిరుగుబాటును పాడుటయందుకంటె, ఆ పాటను గూర్చి తన్ను తాను ప్రశ్నించుకొనుటయందున్నది. 1902లో ఆడిన యాతని నాటకమున ఐర్లెండు ముసలితల్లి వేషమున వచ్చి, పెండ్లిపీటలపై కూర్చుండబోవు యువకుని యుద్ధమునకు పిలుచుకొని పోవును. ఆ నాటకమే కొందఱు యువకులను ఇంగ్లీషువారి తుపాకులయెదుట నిలిపినదా యని కవి తన మరణమునకు కొంచెముముందు వ్రాసిన పద్యమున నడిగికొనెను. ప్రశ్నకు జవాబు చెప్పలేదు. రణభేరి మ్రోగించినవాడు తరువాత శవములను లెక్కించుకొనుట లోకమున అరుదు. అట్లు లెక్కించుకొన్నవాని మాటకు బరువెక్కువ.

తరువాతి తరమున ఆ బరువును మోసినవాడు సీమస్ హీనీ. 1939లో ఉత్తర ఐర్లెండులోని డెఱీ మండలమున కేథలిక్ వ్యవసాయకుటుంబములో పుట్టెను. తండ్రి పశువుల బేరగాడు. 1968లో ఆ ప్రాంతపు కేథలిక్కులు స్థానికఎన్నికలలో సమానమైన ఓటును, ఇండ్లపంపకములో న్యాయమును కోరుచు వీథులకెక్కిరి. కోరిక న్యాయమైనది, జవాబు లాఠీతో వచ్చినది. తుపాకులు బయలుదేరినవి. 1972 జనవరి 30న డెఱీనగరములో ఇంగ్లీషు సైనికులు ఊరేగింపుపై కాల్పులు జరుపగా 13 మంది ఆనాడే మరణించిరి. 1998లో సంధి కుదురునప్పటికి ఉభయపక్షములలోను సుమారు 3,500 మంది ప్రాణములు గోల్పోయిరి. మన యానామునుండి కాకినాడకు పోయిరానంతటి దూరములో ఒకవీథివారు మఱొకవీథివారిని చంపుకొనినారన్నమాట.

హీనీ ఈ రక్తపాతమును పాడుటకు కుఖులిను నాశ్రయింపలేదు. ఆ వీరు డప్పటికే జెండాలపై కెక్కెను. అతడు ఉత్తరమునకు, సముద్రము దాటివచ్చిన నార్సుజాతివారి గాథలవైపు చూచెను. ఆ నావికులు 795 నుండి ఐర్లెండును దోచిరి. 841లో డబ్లినువద్ద స్థావరమేర్పఱచుకొనిరి. 1014లో గుడ్‌ఫ్రైడేనాడు క్లాంటార్ఫువద్ద బ్రయన్‌బోరు రాజుతో పోరిరి. గెలిచిన రాజుకూడ ఆ దినమే హతుడయ్యెను. ఆ నార్సువారే ఐసులెండు ద్వీపమునకు వలసపోయి, తమ పగలను, తగవులను వచనకథలుగా కూర్చిరి. వానికి సాగాలని పేరు. అందు శ్రేష్ఠమగునది న్యాలుని సాగా. 13వ శతాబ్ది చివరిభాగమున వెలసినది. మన తిక్కనసోమయాజి కాలమును అదియే యగుట గమనింపదగినది. క్లాంటార్ఫు యుద్ధముకూడ ఆ సాగాలోనే వచ్చును.

ఆ కథలో న్యాలుడు ధర్మశాస్త్రవేత్త. ఎట్టి తగవునైనను పంచాయతీచే తీర్పజూచువాడు. అతని మిత్రుడు గున్నారు మహావీరుడు. శత్రువులు గున్నారును ఇంటిలో చుట్టుముట్టగా వింటినారి తెగినది. జడలోని రెండుపాయలు నారికై యిమ్మని భార్య నడిగెను. ఒకప్పుడు తనను చెంపదెబ్బ కొట్టిన సంగతి జ్ఞాపకము చేసి ఆమె ఇయ్యనన్నది. గున్నారు చచ్చెను. తరువాత నొక వెన్నెలరాత్రి అతని సమాధిదిబ్బ తెఱచుకొని, లోపల దీపముల వెలుగున అతడు సంతోషముతో పద్యములు పాడుచుండుట కొడుకును, కొడుకు స్నేహితుడును చూచిరి. చూచిన యా రాత్రియే కత్తులు దీసికొనిపోయి పగతీర్చుకొనిరి. కడపట న్యాలుడును కుటుంబముతో తనయింట సజీవదహనమయ్యెను. పంచాయతీపెద్దనే కాల్చివేసిన పగకు అంతమెక్కడ?

హీనీ 1975లో ప్రకటించిన ఉత్తరదిక్కు అను అర్థముగల పద్యసంపుటములో ఈ గున్నారు మరల కనబడును. అంత్యక్రియలను గూర్చిన పద్యమున, ఊరూర హతులైనవారి నందఱిని ఒక్క మహాయాత్రగా బాయిన్‌నదీతీరపు పురాతనసమాధులకు కొనిపోవుచున్నట్లు కవి భావించి, దిబ్బలో వెలుగుచున్న గున్నారును తలచుకొనును. కవి చేసిన మార్పు ఇచటనే యున్నది. సాగాలో ఆ పాట కొడుకుచేతికి కత్తి యిచ్చినది. హీనీ ఆ కత్తిని మాత్రము విడిచిపెట్టి, పగ తీఱకున్నను ప్రశాంతముగా పాడుచున్న మృతుని నిలిపినాడు. గాథ యొక్కటియే, దిబ్బ యొక్కటియే. కవి తలుపెక్కడ మూసినాడన్నదే ప్రశ్న. పిత్రార్జితమును స్వీకరించుచునే పగను త్రోసిపుచ్చుట సాధ్యమని ఋజువు చేయబూనిన కవి ఇతడు.

అయినను ఆ గ్రంథము వెలువడినతోడనే బెల్‌ఫాస్టులోనే యుండిన కియరన్ కార్సన్ అను మఱొక కవి తీవ్రముగా నాక్షేపించెను. నేటిహత్యను వేయేండ్లనాటి బలికర్మతో పోల్చినచో అది ఋతుధర్మమువలె, విధిలిఖితమువలె కనబడును గాని, మనుష్యులు చేసిన యన్యాయముగా కనబడదనియు, కారణములును రాజకీయములును మఱుగుపడుననియు అతని వాదము. ఈ యాక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. హీనీయు తోసివేయలేదు. చిత్తడినేలలో దొరకిన యొక ప్రాచీనకన్యక శవమును గూర్చిన పద్యములో, సైనికులతో స్నేహము చేసినందుకు వీథిలో తారుపూయబడిన నేటియువతులను తలచుకొని, అప్పుడు తానును నోరుమెదపక నిలిచితినని యొప్పుకొనెను. 1995లో నోబెలు బహుమానము వచ్చినను ఆ పద్యముపై వాదము నేటికిని తీఱలేదు.

కార్సన్ ప్రశ్నను మన గాథలకును వేసి చూతము. బొబ్బిలికథ విన్నప్పుడు మనకు తాండ్రపాపారాయని కత్తియే కన్నులకు గట్టును, లెక్కలు గట్టవు. 1753లో సలాబతుజంగు ఉత్తరసర్కారులను ఫ్రెంచివారి కిచ్చెను. శికాకుళ, రాజమహేంద్రవర సర్కారుల శిస్తు వసూలు గుత్తకు గొన్నది విజయనగరము రాజు పెదవిజయరామరాజు. శిస్తుబాకీలును, ఇరుగుపొరుగు జమీందారుల సరిహద్దు కలహములును గలిసి బుస్సీ సేనను 1757 జనవరిలో బొబ్బిలి కోటముందు నిలిపినవి. కోట కాలెను, స్త్రీబాలురు నశించిరి, విజయరామరాజు తన గుడారములోనే పాపారాయని కత్తికి బలియయ్యెను. తరువాత విజయనగరపు వారసుడు ఆనందరాజు ఫ్రెంచివారిపై నలిగి ఇంగ్లీషువారిని పిలిచెను. 1758 డిసెంబరులో గొల్లప్రోలు సమీపమున చెందుర్తివద్ద ఫ్రెంచిసేన యోడిపోయెను. ఉత్తరసర్కారులలో ఇంగ్లీషువారి కాలు నిలద్రొక్కుకొన్నది ఆ యుద్ధముతోనే. ఇరుగుపొరుగు కుటుంబముల పగ దేశమును ఒక తెల్లదొర చేతినుండి మఱొక తెల్లదొర చేతిలో పెట్టినది. జంగములు పాడు బొబ్బిలిపాట విని కంటతడిపెట్టనివాడుండడు, ఉండవలదు. కాని ఆ కన్నీటితోపాటు ఈ లెక్కను గూడ పిల్లలకు చెప్పనియెడల మనము సగముకథయే చెప్పినవారము.

పల్నాటికథయు నట్టిదే. కోడిపందెము, ఏడేండ్ల వలస, సంధికివచ్చిన అలరాజు విషప్రయోగముచే చచ్చుట, కారెంపూడి రణరంగము. నేటికిని కార్తికమున కారెంపూడిలో వీరుల ఆయుధములకు పూజలు జరుగుచున్నవి. బ్రహ్మనాయుని చాపకూటిలో సర్వవర్ణములవారు నొకపంక్తిని భుజించిరనుట ఆ కథలోని యమృతభాగము. కాని ఆ వీరులపేర్లను నేడు కొందఱు తమ కులధ్వజములపై కెక్కించి, చాపకూడు మఱచి కోడిపందెమును మాత్రము జ్ఞాపకముంచుకొనుచున్నారు. ఉత్తర ఐర్లెండులో పాతయుద్ధముల బొమ్మలను ఇండ్లగోడలపై చిత్రించి, అవతలివీథివారిని రెచ్చగొట్టుట యిట్టిదే. గోడపై బొమ్మకు వయస్సు మున్నూఱేండ్లు. దానికింద పడిన శవమునకు వయస్సు పదునెనిమిదేండ్లు.

ఇక మన రాయబారము. భారతకథ మూలమున నొక భాగపరిష్కారపు దావాయే యని చెప్పిన మన పాఠకులు నవ్వవచ్చును గాని కాదనలేరు. అన్నదమ్ములబిడ్డలు, ఉమ్మడియాస్తి, మైనరుల తరఫున పెద్దల యజమాయిషీ, గడువుపెట్టి వెళ్లగొట్టుట, గడువుతీఱినపిమ్మట సూదిమొన మోపినంత భూమియు నీయననుట. శ్రీకృష్ణుడు వచ్చి అర్ధరాజ్యము కాకున్న ఐదూళ్లయినను చాలుననును. దావా ఖర్చులకంటె ఐదూళ్లు నయమని ఏ ప్లీడరైనను చెప్పుమాటయే. తిక్కన ఈ యుద్యోగపర్వమును తెలిగించిన తీరు నెఱిగినవారు, ఆయన స్వయముగ మనుమసిద్ధి తరఫున గణపతిదేవునియొద్దకు రాయబారమేగెనను ఐతిహ్యమును జ్ఞాపకము చేసికొందురు. ఆ యింటివాడే యగు ఖడ్గతిక్కన పశువుల పుల్లరి తగవులో కాటమరాజుతో పోరి మడిసెనని కథ. కత్తిపట్టిన వంశములో పుట్టినవాడు కనుకనే తిక్కన సంధి వాక్యములకు అంతటి బిగువు నిచ్చెనని మా నమ్మకము. యుద్ధమునర్జునునితో మొదలిడి గాంధారితో ముగించినవాడును ఆయనయే. స్త్రీపర్వమును చదివినవా డెవడును మరల యుద్ధమడుగడు.

తిరుపతివేంకటకవుల రాయబారము పండితునికిని పాలేరునకును సమానముగా నచ్చుటకు కారణము అందు రెండుగొంతులును కలిసియుండుటయే. సంధికి వచ్చినవాడే, సంధి పొసగనిచో జరుగబోవునది యేమో పూసగ్రుచ్చినట్లు చెప్పును. స్వాతంత్ర్యోద్యమదినములలో ఆ నాటకము చూచిన ప్రేక్షకునకు తెల్లదొరతనము దుర్యోధనసభగా తోచుట సహజము. 1907లో రాజమహేంద్రవరమున బిపినచంద్రపాలుని యుపన్యాసములను తెలిగించుచు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు భారతఖండమును పాడియావుతో పోల్చి చెప్పిన పద్యము నోటనోట ప్రాకినట్లే, ఈ రాయబారపద్యములును ప్రాకినవి. అయితే కృష్ణుని కోపపుపద్యమునకు చప్పట్లుకొట్టి, రెండవసారి మూడవసారి పాడించుకొనుచు, ఐదూళ్లడిగిన మాటను మాత్రము తొందరగా కానిమ్మను అలవాటొకటి మన నాటకసభలలో నున్నది. నటుడు రాగమునకు లొంగును, ప్రేక్షకుడు రోషమునకు లొంగును. కవి సరిసమానముగా తూచిన త్రాసు ఒక్కవైపునకు మ్రొగ్గును.

యానాము విముక్తికథలోను ఈ రెండుగొంతులు వినబడును. 1954 జూను 13న దడాల రఫేలు రమణయ్యగారి నాయకత్వమున స్వచ్ఛందసైనికులు యానామును హస్తగతము చేసికొనిరి. అదే సంవత్సరము అక్టోబరులో కీళూరులో ప్రజాప్రతినిధులు 178 మంది కూడి, 170 మంది భారతదేశమున చేరుటకే సమ్మతించిరి. నవంబరు 1న పాలన మారెను. 1956లో సంధిపత్రము, 1962 ఆగస్టు 16న చట్టబద్ధమైన విలీనము. ఒకచోట తోపు, ఒకచోట సంతకము. కాని తుదకు ఆ రెండుజాతులనడుమ పగ మిగులలేదు. ఫ్రెంచివారు పోయినను వారి పేర్లు, కట్టడములు నిలిచియున్నవి. ఎవరును వానిని చూచి కత్తి నూఱుటలేదు. ఇట్టి ముగింపు సాగాలకు దక్కలేదు. ఐర్లెండునకు దక్కుటకు 1998 ఏప్రిలు 10 దాక పట్టినది. ఆ సంధి జరిగిన దినము గుడ్‌ఫ్రైడే. క్లాంటార్ఫు యుద్ధము జరిగినదియు గుడ్‌ఫ్రైడేనాడే.

కావున మా విన్నప మింతే. వీరగాథలను మాన్పింపవలదు, మాన్పించినచో అవి గోడలపై కెక్కును. పూర్తిగా ఆడింపుడు, పూర్తిగా చెప్పుడు. గ్రామములలో నాటకములకు చందాలిచ్చు పెద్దలు రాయబారముతోపాటు గాంధారి విలాపమును గూడ ఒక్కరాత్రి చదివింపవచ్చును. బొబ్బిలికథ చెప్పించువారు చెందుర్తి సంగతి చెప్పింపవచ్చును. మన విశ్వవిద్యాలయములు న్యాలుని సాగాను, హీనీ ఉత్తరదిక్పద్యములను మూలమెఱిగినవారిచే తెలిగింపించినచో, పల్నాటి వీరులకు ఐసులెండులో చుట్టములున్న సంగతి మన పిల్లలకు తెలియును. ఇప్పటికి మాత్రము, వచ్చు సంక్రాంతికి మీయూరి పందిటిలో కృష్ణుడు ఐదూళ్ల నడుగునప్పుడు, ఆ పద్యమును ఇంకొకసారి పాడుమని మొట్టమొదట మీరే కేకవేయుడు.